అక్షరం మనది, గోడ ఎవరిది?

(గోడరాత, ఫ్లెక్సీ, కరపత్రాల తయారీ మీద కాకినాడలో జరిగిన రెండు రోజుల శిక్షణా శిబిరంలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును చాలావరకు అలాగే వుంచాం.)



తాళ్ళరేవు నుంచి, పిఠాపురం నుంచి, పెద్దాపురం నుంచి, గోదావరి దాటి కోనసీమ నుంచి కూడా పొద్దున్నే బస్సులెక్కి వచ్చారు. కొందరు కూలి మానుకుని వచ్చారు. అందుకే మొదట ఒక సంగతి తేల్చుకుందాం. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని నిలదీశాడు. "భూమి సంగతి తేలలేదు. శ్మశానానికి దారి లేదు. కేసులు కోర్టుల్లో మగ్గుతున్నాయి. మీరేమో బొమ్మలూ రంగులూ అడ్వర్టైజ్‌మెంట్లూ అంటారు. ఇది కడుపు నిండినోళ్ళ ఊసు కాదటయ్యా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఆయన ఇక్కడే ముందు వరసలో కూర్చున్నాడు. ఆయనకి జవాబుగా మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్తాం.

మాలో ఒకరి మేనమామ బోర్డులు రాసేవాడు. ఈ కాకినాడలోనే సినిమా బ్యానర్లు రాసే ఆయన దగ్గర కుంచెలు కడిగి పని నేర్చుకున్నాడు. 1980ల్లో మాట. ఊరి సెంటర్లో ఒక టీ హోటలాయన కబురు పెట్టాడు. మావయ్య రెండ్రోజులు నిచ్చెన మీద నిలబడి రాశాడు. ఎర్ర అక్షరాలు, పసుపు నీడ. హోటలు పేరు పైన, దాని కింద "అందరికీ స్వాగతం". పని ముగిశాక ఊరంతా మెచ్చుకుంది. డబ్బులు కూడా సరిగ్గానే ఇచ్చారు. అప్పుడు టీ వచ్చింది. చూరులో దోపి వుంచిన గ్లాసు తీసి, దాన్ని ఆయనే కడుక్కుంటే, పైనుంచి పోశారు. ఆయన బయట నిలబడి, తను రాసిన బోర్డు కిందే తాగాడు. చనిపోయేదాకా అదే అనేవాడు. "అందరికీ అన్న మాట నా చేత్తోనే రాశానురా. అందులో నేను లేను."

బోర్డు రాసింది మనం. బోర్డులో లేనిది మనం. పెద్దాయనా, అందుకే ఈ ఊసు ఎత్తాం. గోడ మీద ఎవరి పేరు వుంటుందో, ఎవరి మొహం వుంటుందో, ఎంత లావు అక్షరాల్లో వుంటుందో అదంతా ఊళ్ళో ఎవరి మాట చెల్లుతుందో చెప్పే లెక్కే. భూమి పత్రం ఎంతో, గోడ రాతా అంతే.

ప్రకటన అంటే ఏమిటి? సరుకు అమ్ముకునేవాడు జనం కళ్ళకి వేసే గాలం. సబ్బు అమ్ముకుంటే అమ్ముకోనీండి, మనకేం అభ్యంతరం లేదు. అయితే సబ్బుతో పాటు అడక్కుండానే ఇంకొకటి అంటగడతారు. ఎవరు చూడదగ్గ మనుషులో, ఎవరు కారో అనే పాఠం. బడి మానేసినా ఈ పాఠం మానలేం. బస్సు ఎక్కితే అది, దిగితే అది.

నిన్న సాయంత్రం మేం పదిమందిమి భానుగుడి సెంటర్ నుంచి మెయిన్ రోడ్డు మీదుగా జగన్నాథపురం వంతెన దాకా నడిచాం. నగల కొట్లు, చీరల కొట్లు, కార్పొరేట్ కాలేజీలు, ఆసుపత్రులు, అపార్ట్‌మెంట్లు. ప్రతి బోర్డు మీదా వున్న మొహం ఏ రంగులో వుందో, ఏం చేస్తోందో నోటు పుస్తకంలో రాసుకోమన్నాం. మన పేటలో కనిపించే అమ్మాయిలాంటి అమ్మాయి ఏ నగల బోర్డు మీదా కనపడలేదు. నల్లటి మొహం ఎక్కడ దొరికిందయ్యా అంటే, పురుగుమందుల కొట్టు మీద గెడ్డం కింద తలపాగా జారిన రైతు, ఒక పథకం బోర్డు మీద రెండు చేతులూ చాచిన ముసలమ్మ. ఇచ్చే చెయ్యి తెలుపు, పుచ్చుకునే చెయ్యి నలుపు. ఈ మాట మేం చెప్పలేదు. తొమ్మిదో తరగతి చదివే ఒక చెల్లెలు తన పుస్తకంలో రాసుకుంది. మేం చదివి వినిపించమంటే సిగ్గుపడింది.

ఈ తెలుపు పిచ్చికి పెద్ద వ్యాపారమే వుంది. హిందుస్థాన్ లీవర్ వాళ్ళు ఫెయిర్ అండ్ లవ్లీ అనే క్రీము 1975లో దించారు. నల్లగా వుంటే ఉద్యోగం రాదు, పెళ్ళి కాదు, క్రీము రాస్తే రెండూ అవుతాయి. ఏళ్ళ తరబడి ఇదే కథ టీవీలో తిప్పి తిప్పి చూపించారు. 2020 మేలో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపాక ప్రపంచమంతా నల్లవాళ్ళు లేచారు. ఆ సెగ ఇక్కడిదాకా తగిలింది. అదే ఏడాది ట్యూబు మీద "ఫెయిర్" తీసేసి "గ్లో" అని పెట్టారు. పేరు మారింది. మన ఇళ్ళల్లో పెళ్ళిచూపుల మాటలు మారాయో లేదో మీరే చెప్పాలి.

కొన్ని ప్రకటనలకి బొమ్మే అక్కర్లేదు. గేటుకి కట్టిన టూ లెట్ అట్టముక్క చూడండి. "శాకాహారులకు మాత్రమే." రెండే మాటలు. కులం పేరు ఎత్తలేదు, చట్టానికి దొరకలేదు, మనల్ని మాత్రం వీధి మలుపులోనే ఆపేసింది. ఆదివారం పేపర్లో పెళ్ళి ప్రకటనలు కులాల శీర్షికల కింద వరసగా అచ్చవుతాయి. ఇంత తక్కువ మాటల్లో ఇంత పని చేసే ప్రకటనలు ఏ పెద్ద కంపెనీ రాయించగలదండీ?

2020 మేలోనే, కరోనా రోజుల్లో, కెంట్ అనే కంపెనీ పిండి కలిపే యంత్రానికి ప్రకటన వేసింది. పనిమనిషిని పిండి ముట్టుకోనిస్తారా, ఆమె చేతులకి రోగం వుండొచ్చు, యంత్రం కొనుక్కోండి అని దాని సారాంశం. జనం మండిపడితే క్షమాపణ చెప్పి వెనక్కి తీసుకున్నారు. ముట్టుకోవద్దు అన్న మాట మనకి కొత్తా? కరోనా వచ్చి దానికి డాక్టరు కోటు తొడిగింది, అంతే.

జొమాటో సంగతి ఇంకొంచెం నిదానంగా చెప్పుకోవాలి. ఇక్కడున్న కుర్రాళ్ళలో ముగ్గురు అదే కంపెనీ ఎర్రచొక్కా వేసుకుని బండి మీద తిండి మోస్తున్నారు కూడాను. 2001లో "లగాన్" సినిమా వచ్చింది. అందులో కచ్రా అనే మనిషి వుంటాడు. అంటరాని కులం, అవిటి చెయ్యి. అతన్ని ఆటలోకి తీసుకోవటానికి ఊరు ఒప్పుకోదు, హీరో వాదించి ఒప్పిస్తాడు. కచ్రా అంటే హిందీలో చెత్త. 2023 జూన్‌లో పర్యావరణ దినం పేరు చెప్పి జొమాటో వాళ్ళు ఒక ప్రకటన తీశారు. ప్లాస్టిక్ చెత్తని మళ్ళీ పనికొచ్చేలా చేస్తున్నాం అని చెప్పుకోవటం వాళ్ళ ఉద్దేశం. అందుకోసం కచ్రా వేషం వేసిన నటుణ్ణే పిలిచి, అతన్ని దీపంలాగా, కాగితంలాగా, తువ్వాలులాగా, పూలకుండీలాగా కూర్చోబెట్టారు. మనిషి మీద లైటు, మనిషికి తుడుచుకున్న చేతులు. నవ్వు పుట్టించడానికి. గొడవ లేచాక తీసేశారు.

ఆలోచించండి. దాన్ని రాసినవాడున్నాడు, తీసినవాడున్నాడు, డబ్బు పెట్టినవాడున్నాడు, చూసి సరేనన్నవాడున్నాడు. ఇంతమంది చేతులు మారితే గానీ ప్రకటన బయటికి రాదు. ఏ ఒక్కరికీ ముల్లు గుచ్చుకోలేదు. వాళ్ళందరికీ మనమంటే పగ అని మేం అనటం లేదు. పగ వుంటే పోట్లాడొచ్చు. వాళ్ళకి అది మాటల చమత్కారం, అంతే. చెత్త పేరుతో పిలిపించుకుని పెరిగిన మనిషి ఆ బల్ల దగ్గర ఒక్కడున్నా, "అయ్యా, ఆపండి" అనేవాడు. మనం ఈ పని నేర్చుకోవాలనటానికి కారణాల్లో ఇదొకటి. ఆ బల్ల దగ్గర కుర్చీ కావాలి.

ఇక ప్రేరణ సంగతి. ప్రకటనలు రాసేవాళ్ళని అడిగితే "ఐడియా మెరిసింది" అంటారు. మెరుపులు ఆకాశం నుంచి వస్తాయేమో గానీ ఐడియాలు రావు. ఎవరో చేసి పెట్టిన దాంట్లోంచే వస్తాయి. నకలు కొట్టడం ఒక రకం. మలుపు తిప్పడం ఇంకో రకం. రెండోదానికి ఉదాహరణ మన గోదావరి గడ్డ మీదే వుంది.

1920ల్లో గరిమెళ్ళ సత్యనారాయణ గారి "మాకొద్దీ తెల్లదొరతనము" పాట ఆంధ్రదేశంలో వాడవాడలా పాడారు. ఆయన్ని జైల్లో పెట్టారు. అదే రోజుల్లో రాజమండ్రిలో మన కుసుమ ధర్మన్న గారున్నారు. తర్వాత "జయభేరి" పత్రిక నడిపిన మనిషి. ఆయనేం చేశాడు? కొత్త బాణీ కోసం వెతుక్కోలేదు. జనం నోట్లో ఆడుతున్న పాటలోంచి ఒకే ఒక్క మాట మార్చాడు. తెలుపు తీసి నలుపు పెట్టాడు. "మాకొద్దీ నల్లదొరతనము." తెల్లవాడు పోయి ఊరి దొర మిగిలితే మా బతుకేం మారుతుందన్న ప్రశ్న ఆ ఒక్క మాటలో వుంది. పేరు వినగానే అర్థమవుతుంది, ఒకసారి వింటే మర్చిపోరు, ఎదుటివాడి ప్రచారాన్నే తన బండికి కట్టుకున్నాడు. నేటి ప్రకటనల కంపెనీ లక్షలిచ్చి రాయించుకునేది ఇలాంటి మలుపునే. మన తాతకి ఎవరూ లక్షలివ్వలేదు.

మన చుట్టుపక్కలే ఇంకొక బడి వుంది. కాకినాడ పక్కన మాధవపట్నం ఎంతమంది చూశారు? చేతులెత్తండి. చాలా తక్కువ. తోలుబొమ్మలాట కళాకారుల ఊరు అది. ఆ బొమ్మని దగ్గర్నుంచి చూడండి. తోలుని పారదర్శకంగా చేసి, రంగులద్ది, నగలున్న చోట సన్నటి చిల్లులు పొడుస్తారు. ముత్యాలు తెల్లరంగుతో వేసినవి కావు, చిల్లులోంచి వచ్చే దీపం వెలుగు. ఖాళీ కూడా బొమ్మలో భాగమే అన్నమాట. మన ఫ్లెక్సీలు చూస్తే వేలెడు ఖాళీ వుండదు. వంద గజాల దూరంలో కూర్చున్న ముసలావిడకి కూడా ఎవరు రావణుడో, ఎవరు హనుమంతుడో ఆకారం చూస్తేనే తెలియాలి. అందుకే మొహాలు పక్కకి తిప్పి, కళ్ళు పెద్దవి చేసి, గీత గట్టిగా కొట్టారు. ఇంకొకటి కూడా చెప్పి తీరాలి. తోలు ముట్టినవాడు మైల అన్న ఊళ్ళే, ఆ తోలు మీద రాముడి బొమ్మ గీసి తెర మీద ఆడిస్తే దణ్ణం పెట్టాయి.

తెలంగాణలో పటం కథలవాళ్ళున్నారు. పొడవాటి గుడ్డ మీద కథంతా బొమ్మలుగా వేయించుకుని, చుట్ట విప్పుతూ చెప్తారు. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కథ, ఒక్కొక్క పటం. మాదిగవారికి జాంబపురాణం చెప్పేది డక్కలివారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు వేరు. ఇప్పుడు కంపెనీలు "ఫలానా వయసువాళ్ళకి ఫలానా ప్రకటన" అని ఫోన్లోకి గురి చూసి పంపిస్తున్నాయి, అదేదో కొత్త విద్య అంటున్నాయి. ఎవరికి చెప్తున్నామో వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలతో మొదలుపెట్టాలని డక్కలివారికి ఎప్పుడో తెలుసు. తేడా ఒకటే. డక్కలి కథకుడు వినేవాళ్ళ ఇంటి ముందు నిలబడి చెప్పాడు, వాళ్ళ మొహం చూసి చెప్పాడు.

ఈమధ్య ప్రకటనల వాళ్ళకి పల్లె మీద మోజు పుట్టింది. లారీ వెనక రాతలు, ముగ్గులు, డప్పు మోత, చేత్తో రాసినట్టుండే వంకర అక్షరాలు. చావుకి తప్ప ఊళ్ళోకి రానివ్వని డప్పు ఇప్పుడు సెల్‌ఫోన్ ప్రకటనలో మోగుతోంది. మోగనీండి, వద్దనం. కొట్టిన చేతికి ఏం ముట్టింది? పేరెక్కడ? ఈ ప్రశ్నకి మర్యాదగా జవాబు చెప్పినవాడు మాకు తెలిసి ఒకడున్నాడు. ఢిల్లీలో హనీఫ్ ఖురేషీ అనే డిజైనరు, 2024లో చనిపోయాడు. ఫ్లెక్సీ దెబ్బకి మాయమైపోతున్న వీధి పెయింటర్లను వెతుక్కుంటూ వెళ్ళి, వాళ్ళచేత అక్షరాలన్నీ రాయించి, వాటిని కంప్యూటర్ ఫాంట్లుగా మార్చాడు. ఆ ఫాంట్లకి ఆ పెయింటర్ల పేర్లే పెట్టాడు. మా మావయ్య అక్షరాలు అలా పట్టి వుంచినవాళ్ళు ఎవరూ లేరు. ఆ హోటలు బోర్డు తుప్పు పట్టి, తర్వాత దాని రేకు కోళ్ళగూటికి పనికొచ్చింది.

నిజానికి తెలుగు అక్షరానికి సొగసులు దిద్దినవాళ్ళలో గోదావరి జిల్లాల వాళ్ళే ఎక్కువేమో అనిపిస్తుంది. బాపు గారిది నరసాపురం. ఆయన చేతిరాతే ఒక ఫాంటు అయింది, ఈనాటికీ సగం పెళ్ళి శుభలేఖలు దాంతోనే. సినిమా పోస్టర్ల ఈశ్వర్ గారిది పాలకొల్లు. మోహన్ గారిది ఏలూరు. 2017లో చనిపోయేదాకా ఉద్యమాలకి అడిగినవాళ్ళకి అడిగినట్టు పోస్టర్లు, అట్టబొమ్మలు వేసిచ్చాడు. వీళ్ళ అక్షరాలు చూసి మా మావయ్యలాంటివాళ్ళు ఊరూరా గోడల మీద దిద్దుకున్నారు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మన గోడల మీద రాతలు వచ్చాయంటే ఆ చేతులు సిద్ధంగా వుండబట్టే. సున్నంలో నీలిమందు కలిపి, కాస్త బంక పోసి, ఈతమట్ట చివర చితక్కొట్టి కుంచె చేసుకుని రాత్రికి రాత్రి రాసేవాళ్ళం. ఖర్చు ఒక నీలిమందు పొట్లం. పొద్దున్నే చదివిన పెద్దకాపు పళ్ళు నూరేవాడు.

2000 తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. చదరపు అడుగు లెక్కన గంటలో చేతికొస్తుంది. పెయింటరు రెండ్రోజుల పని ఎవరిక్కావాలి? మావయ్య కుంచెలు కిరసనాయిల్లో నానబెట్టి నానబెట్టి చివరికి మానేశాడు. కొన్నాళ్ళు ఒక ఫ్లెక్సీ కొట్లో కర్రలు దిగ్గొట్టే పని చేశాడు. తను రాయని అక్షరాలకి తనే మేకులు కొట్టాడు. ప్లాస్టిక్ ఫ్లెక్సీల్ని నిషేధిస్తున్నట్టు రాష్ట్ర ప్రభుత్వం 2022 ఆగస్టులో ప్రకటించింది, గుడ్డ బ్యానర్లు వాడమంది. నిషేధం ఏపాటి నడిచిందో మెయిన్ రోడ్డు మీద నిన్న మనం చూశాం కదా.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద బొమ్మ దగ్గరికి వద్దాం. బడి మొహం చూడని పిల్లాడికి ఒక బొగ్గు ముక్క ఇచ్చి బాబాసాహెబ్‌ని గీయమనండి. గుండ్రటి కళ్ళజోడు, కోటు, చంకలో పుస్తకం, చాచిన చూపుడు వేలు. నాలుగు గీతలు పడేసరికి పేటంతా "అంబేద్కరు" అంటుంది. ఇంత తేలిగ్గా గుర్తుపట్టే ఆకారం కోసం కంపెనీలు కోట్లు పోస్తాయి. దీనికి ఏ ఏజెన్సీ పెట్టుబడి పెట్టింది? 1967లో పార్లమెంటు ఆవరణలో పెట్టిన విగ్రహం చెయ్యి చాచి నిలబడింది. ఆ తర్వాత దాన్ని ఊరూరికీ మోసింది కూలి డబ్బుల చందాలు. కొత్తపేట శిల్పులు చేసిన విగ్రహాల వెనక ఎన్ని పేటల చందా పుస్తకాలున్నాయో.

ఒక్కొక్క వస్తువూ ఎందుకుందో ఆలోచించండి. చొక్కా తొడగొద్దు, చెప్పులేసుకోవద్దు, గొడుగు పట్టొద్దు అన్న ఊరికి ఎదురుగా మూడు ముక్కల సూటు. గాంధీ గారు బట్టలు తగ్గించుకుంటే మహాత్ముడు అన్నారు. తగ్గించుకోవటానికి మనకి ముందే ఏం లేవు కదండీ. అందుకని మన నాయకుడు నిండా తొడుక్కున్నాడు. చదువొద్దన్న చోట పుస్తకం. తల దించుకోమన్న చోట ఎత్తిన వేలు. నీలం రంగు షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ జెండా నుంచి మన ఇంటి గుమ్మందాకా వచ్చింది. దీన్ని ఏ ఒక్క చిత్రకారుడూ కనిపెట్టలేదు. లక్షలమంది కలిసి దిద్దిన బొమ్మ ఇది.

అందుకే ఇది కొందరి కంట్లో నలుసు. తమిళనాడులో ఎన్నో ఊళ్ళలో ఆ విగ్రహాన్ని ఇనుప బోనులో పెట్టి కాపాడుకోవాల్సి వస్తోంది. మన పక్కనే చూడండి. 2022లో కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు చేరుస్తామంటే, మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఏమిటి గొడవ? భూమి లాక్కున్నారా? బోర్డు మీద నాలుగు అక్షరాలు ఎక్కాయి. పేరు అలాగే నిలిచింది. ముందు వరసలో పెద్దాయనా, అక్షరాల ఊసు కడుపు నిండినవాళ్ళదా అని మళ్ళీ అడుగుతారా?

బొమ్మ అవమానించటానికి కూడా పనికొస్తుంది. 1949లో శంకర్ వేసిన కార్టూన్‌లో బాబాసాహెబ్ నత్త మీద కూర్చుంటే నెహ్రూ వెనకనుంచి కొరడా ఎత్తాడు. పదకొండో తరగతి పుస్తకంలో అది వుందని 2012లో పార్లమెంటులో రగడ అయింది. మన విజయవాడ చిత్రకారుడు ఉన్నమతి శ్యామ్ సుందర్ ఆ రోజుల కార్టూన్లన్నీ పాత పత్రికల్లోంచి తవ్వి తీసి 2019లో పుస్తకం చేశాడు. బాబాసాహెబ్‌ని ఎంత చిన్నగా, ఎంత ముడుచుకుపోయినట్టు గీశారో వరసగా చూస్తే గానీ తెలియదు. చదివినవాళ్ళు చేయాల్సిన పని అలాంటిది.

ఎదుటివాళ్ళని అన్నాం. ఇక మన సంగతి. కాస్త చేదుగా వుంటుంది, కోపం తెచ్చుకోకండి.

ఏప్రిల్ 14కి మన పేటల్లో కట్టే ఫ్లెక్సీ ఒకటి ఇక్కడ గోడకి తగిలించాం. ఏ ఊరిదో పేరు కత్తిరించాం. మొహాలు లెక్కపెట్టండి. నలభై మూడు. బాబాసాహెబ్ ఎక్కడున్నాడు? ఎడమ పక్క పైన, తపాలా బిళ్ళంత. మధ్యలో చేతులు కట్టుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నిలబడింది ఎవరు? చందా ఎక్కువిచ్చిన తమ్ముడు. వెనక సింహం, మెరుపులు, మంటలు. అదంతా సినిమా హీరో పుట్టినరోజు ఫ్లెక్సీలోంచి ఎత్తుకొచ్చిందే. నలభై మూడు మొహాల్లో ఆడవాళ్ళు ఎంతమంది? ఒక్కరు. సావిత్రీబాయి ఫూలే. ఆమె ఈ ఊరి మనిషి కాదు. రాత్రంతా వంట చేసిన తల్లులు ఈ ఊళ్ళో లేరా? మన ఈశ్వరీబాయి ఫొటో ఎవరి దగ్గరా లేదా? పైగా ఎవరి ఫొటో ఎవరి పక్కన, ఎవరిది పెద్ద అని జయంతి రోజునే రెండు వీధులు మాట్లాడుకోవటం మానేశాయి. నిచ్చెనమెట్లు వద్దని చెప్పినాయన పండక్కి ఫొటోలతో నిచ్చెన కట్టుకున్నాం.

డిజైను చేసిన కుర్రాణ్ణి తప్పుపట్టం. వాడు మనవాడే, మంచి పనివాడు. రాత్రి పదింటికి వచ్చి పొద్దున్నకి కావాలంటే తయారుగా వున్నదే దించి ఇస్తాడు. ఆలోచించటానికి టైము ఇవ్వనిది మనం.

అక్షరాల తప్పులు కూడా చూడండి. వత్తులు విడిపోయి, గుడులు గాల్లో తేలుతున్నాయి. పాత ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు పెడితే వత్తు విరిగిపోతుంది. అందుకే మన డీటీపీ సెంటర్లు అను ఫాంట్లు వాడేవి. ఇప్పుడు ఉచితంగా దొరికే మంచి తెలుగు ఫాంట్లు చాలా వున్నాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, గురజాడ, గిడుగు. పేర్లు చూస్తే రాయలవారి కొలువులోకి వచ్చామా అనిపిస్తుంది. మీలో ఎవరైనా జాషువా పేరుతో, మామిడికుదురు బోయి భీమన్న పేరుతో, కుసుమ ధర్మన్న పేరుతో అక్షరాలు దిద్దితే మేం ఈ పత్రిక అట్ట దాంతోనే వేస్తాం. ఇది మాట వరసకి అనటం లేదు.

డబ్బు లేకపోవటాన్ని సాకుగా చెప్పొద్దు. అమెరికాలో బ్లాక్ పాంథర్ల పత్రికకి ఎమొరీ డగ్లస్ అనే ఆయన బొమ్మలు వేసేవాడు. కుర్రతనంలో బాలనేరస్థుల జైల్లో వుండగా అచ్చుపని నేర్చుకున్నాడు. నలుపు, దాంతో పాటు ఇంకొక్క రంగు. రెండు రంగులకే డబ్బులుండేవి. ఆ లోటుని తన పద్ధతి చేసుకున్నాడు. లావుపాటి నల్లగీతలు కొట్టి, చీపురు పట్టుకున్న తల్లుల్ని, ఎలుకలున్న ఇళ్ళల్లో పిల్లల్ని గీశాడు. చదువురానివాళ్ళు కూడా పత్రిక కొని గోడకి అంటించుకున్నారు. 1972లో బొంబాయిలో మనవాళ్ళు దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది ఆ పాంథర్లని చూసే. ఇది కూడా ధర్మన్న గారి మలుపు లాంటిదే.

కంప్యూటరు దానంతటదే బొమ్మ గీసే కాలం వచ్చేసింది. మాట చెప్తే చాలంటున్నారు. నిన్న మేం అడిగి చూశాం. "డాక్టరమ్మ" అంటే తెల్లటి మొహం వచ్చింది. "రోడ్డు ఊడ్చే మనిషి" అంటే నల్లటి మొహం వచ్చింది. ఎవరు నేర్పారు దానికి? నిన్న మెయిన్ రోడ్డు మీద మనం చూసిన బోర్డులే నేర్పాయి. "జై భీమ్" అని తెలుగులో రాయమంటే మాత్రం ఏదో తెలియని లిపి రాసింది. కొందరు నవ్వారు. వాడుకోవద్దని మేం చెప్పం. వచ్చినదాన్ని వచ్చినట్టు అచ్చుకి పంపొద్దు. మొహం మార్చమని అడగండి, మార్చేదాకా అడగండి.

ఇక మాటలు చాలు. భోజనాల తర్వాత పని. నాలుగు జట్లు చేశాం. ఒక్కొక్క జట్టుకి సున్నం బకెట్టు, నీలిమందు, ఈతమట్టలు ఇస్తాం. కంప్యూటర్లు రెండే వున్నాయి, వంతులవారీగా కూర్చోండి. వచ్చే జయంతికి మీ పేట ఫ్లెక్సీ మీరే తయారుచేయాలి. ఎనిమిది మాటలు దాటకూడదు, మొహాలు మూడు దాటకూడదు, అందులో ఒకటి మీ పేట ఆడమనిషిది కావాలి, అదీ ఆమెని అడిగి. ఇరవై అడుగుల దూరంలో ముందు వరస పెద్దాయన్ని కూర్చోబెడతాం. ఆయనకి చదవటం రాదని నిన్న ఆయనే చెప్పాడు. బొమ్మ చూసి ఆయన ఏం చెప్తే దాన్నిబట్టి దిద్దుకోవాలి. పక్క వీధిలో గోడ గలాయనతో మాట్లాడాం, రాసుకోమన్నారు. సాయంత్రం అయిదింటికి అక్కడ కలుద్దాం. పాత చొక్కాలు వేసుకు రండి, నీలిమందు ఒకపట్టాన వదలదు.